వారం కిందట మార్చిన డీజిల్ ఫిల్టర్ మళ్ళీ జామైతే తప్పు ఫిల్టర్‌ది కాదు

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి. మీది 2019 బొలెరో పికప్. మలికిపురం వైపు చెరువుల దగ్గర రొయ్యలు ఎత్తుకుని, ఐసు వేసుకుని, భీమవరం ప్లాంట్లకి తోలుతున్నారు. ఖాళీ బండి బానే ఉంటుంది, లోడు మీద దిండి వైపు నుంచి చించినాడ వారధి ఎక్కేటప్పుడు మాత్రం గుంజడం లేదు, థర్డ్ గేర్లోకి దింపినా పికప్ లేదు. పోయిన వారం ఎవరో షెడ్డులో డీజిల్ ఫిల్టర్ మార్పించావు, రెండ్రోజులు గుర్రంలా పరిగెత్తింది, మళ్ళీ అదే రోగం, పైగా ఈసారి మీటర్‌లో ఫిల్టర్ బొమ్మ లైటు కూడా వెలుగుతోంది. ఇప్పుడు ఫిల్టర్ నేనే మార్చుకోవచ్చా, ఏ కంపెనీది వెయ్యాలి, మార్చాక స్టార్ట్ అవ్వకపోతే ఏం చెయ్యాలి అని మూడు అడిగావు.

నువ్వే మార్చుకోవచ్చు. పానాలు పట్టడం వచ్చిన వాడికి ముప్పావు గంట పని. కానీ నువ్వు అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది, అదే అసలుది. వేల కిలోమీటర్లు రావాల్సిన ఫిల్టర్ వారానికే ఎందుకు పోయింది? దానికి సమాధానం దొరక్కుండా నువ్వు ఇంకో ఫిల్టర్ వేస్తే ఇంకో వారం వస్తుంది, అంతే. ఆ లైటు ఫిల్టర్ పాడైందని చెప్పడం లేదు, ఫిల్టర్ అడుగున నీళ్లు చేరాయని చెప్తోంది. చాలామంది దాన్ని సర్వీసు లైటు అనుకుని తోలేస్తారు. మీ టాంకులో నీళ్లున్నాయి, నీళ్లతో పాటు ఇంకోటి కూడా ఉందని నా అనుమానం, దాని సంగతి తర్వాత చెప్తాను.

డీజిల్ కంటే నీళ్లు బరువు. లీటరు డీజిల్ సుమారు 820 నుంచి 845 గ్రాములు తూగుతుంది, లీటరు నీళ్లు కిలో. అంచేత నీళ్లు ఎప్పుడూ అడుక్కే పోతాయి, మన టాంకులో డీజిల్ లాగే గొట్టం కూడా అడుగునే ఉంటుంది. కొద్దిగా అయితే ఫిల్టర్ వేరు చేసి కింద గిన్నెలో దాచి పెడుతుంది, గిన్నె నిండితే లైటు వేస్తుంది. లైటు చూసి కూడా మనం కదలకపోతే ఆ నీళ్లు పంపులోకి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలోకి పోతాయి. మీ బండి కామన్ రైల్, అంటే పంపు బాగా ప్రెషర్‌తో నింపిన ఒకే గొట్టం (రైలు) నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పోయే రకం, దానిలో హై ప్రెషర్ పంపుకి వేరే ఇంజనాయిల్ ఏమీ ఉండదు, డీజిలే దానికి ఆయిలు. దానిలోకి నీళ్లు చేరితే ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. ఇంజెక్టర్ లోపల సందులు 2, 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) ఉంటాయి, మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు, లెక్క నువ్వే వేసుకో. అక్కడ కాస్త తుప్పు పట్టినా చాలు.

ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? బంకువాణ్ని తిట్టడం తేలిక, అందరూ ముందు అదే చేస్తారు. నేను మాత్రం ముందు నీ చెరువు గట్టు మీద చూడమంటాను. జనరేటర్ కోసం, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగకుండా తిరగడం కోసం గట్టు మీద ఒక 200 లీటర్ల డ్రమ్ము ఉంటుంది కదా, దాన్లోంచి ఎప్పుడో రాత్రిపూట బండిలో కూడా నాలుగు క్యాన్లు పోసుకుని ఉంటావు. అబద్ధమైతే చెప్పు. నా షెడ్డుకి నీళ్ల కంప్లయింట్‌తో వచ్చే పదిమందిలో ఎక్కువమంది మొదట లేదనే అంటారు, టీ తాగాక ఒకటి రెండుసార్లు పోశామండి అంటారు.

ఆ డ్రమ్ము గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది మన వాళ్లకి చెప్తే నమ్మరు. డ్రమ్ము నిలబెట్టి ఉంటుంది. పై మూత చుట్టూ అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది, బిరడా ఆ అంచు లోపల, పళ్లెంలో ఉన్నట్టు ఉంటుంది. వాన పడితే ఆ పళ్లెంలో అంగుళం నీళ్లు నిలుస్తాయి. బిరడా గట్టిగానే బిగించాం కదా అంటావు. పగలు ఎండకి డ్రమ్ము వేడెక్కి లోపలి గాలి ఉబ్బి బిరడా మరల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే లోపల గాలి ముడుచుకుని మళ్ళీ బయట నుంచి లాక్కుంటుంది, లాక్కునే చోట గాలి బదులు నీళ్లుంటే నీళ్లే లాక్కుంటుంది. రోజుకి కొన్ని చుక్కలే, కానీ ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన దగ్గర పడే వానలకి అది చెంబులు చెంబులవుతుంది. ఒకసారి ఒక రైతు చెరువు దగ్గర డ్రమ్ము అడుగు నుంచి సైఫన్ పెట్టి తీయిస్తే మొదటి రెండు లీటర్లు పచ్చి నీళ్లే వచ్చాయి, ఆయన మొహం చూడాలి. డ్రమ్ము పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్లకి వచ్చేలా పెట్టు, లేదంటే ఒక పక్కన ఇటుక పెట్టి వంచి, నీళ్లు బిరడాల దగ్గర నిలవకుండా చెయ్యి, మీద రేకు వెయ్యి. అంతకంటే మంచిది, డ్రమ్ములోది జనరేటర్‌కే ఉంచి బండికి పొయ్యొద్దు. జనరేటర్ ఇంజన్ పాత రకమైతే కొంత ఓర్చుకుంటుంది, నీ బండి ఓర్చుకోదు.

రెండోది యానాం క్యాన్లు. యానాంలో డీజిల్ మన రాష్ట్రం కంటే చవక, అందరికీ తెలిసిందే, అటు వెళ్లిన బండికి టాంకు నింపించుకోవడంలో తప్పేం లేదు. కానీ ఇంతకు ముందు ఫినాయిలో, చెరువు మందులో, మంచినీళ్లో పోసిన ప్లాస్టిక్ క్యాన్లు అడుగున తడితోనే పట్టుకెళ్లి నింపుకొచ్చి నెల రోజులు పాకలో పెట్టి, తర్వాత బండిలో పోస్తే లీటరుకి మిగిలిన రూపాయలు ఇంజెక్టర్ షాపువాడికి పోతాయి.

మూడోది సగం ఖాళీ టాంకు. మన డెల్టా గాలిలో తేమ నీకు చెప్పక్కర్లేదు, ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది. టాంకులో డీజిల్ తక్కువుంటే పైన గాలి ఎక్కువుంటుంది, రాత్రి చల్లబడినప్పుడు ఆ గాలిలో తేమ టాంకు గోడలకి చెమటలా పట్టి కిందికి జారుతుంది. సాయంత్రం ట్రిప్పు అయ్యాక నింపి పెట్టుకోవడం మంచి అలవాటు. అయితే ఇది చిన్న కారణం, దీనివల్ల వారంలో లైటు వెలగదు, డ్రమ్ము తప్పుని దీనిమీదికి తొయ్యొద్దు.

బంకు వంతు కూడా లేకపోలేదు. వరదొచ్చిన సంవత్సరం, లేదా పెద్ద వాన కురిసి బంకు ఆవరణలో నీళ్లు నిలిచినప్పుడు, భూమిలో టాంకులోకి పోయే అవకాశం ఉంటుంది. బంకువాళ్ల దగ్గర కొలకర్రకి పూసే ఒక పేస్టు ఉంటుంది, అడుగున నీళ్లుంటే అది రంగు మారుతుంది, అనుమానం ఉంటే మర్యాదగా అడుగు, చూపిస్తారు. ట్యాంకర్ దింపుతున్నప్పుడు మాత్రం కొట్టించుకోకు, పావుగంట ఆగినా పర్లేదు, పక్క బంకుకి పోయినా పర్లేదు, అడుగున పేరుకున్నదంతా ఆ టైములో పైకి లేస్తుంది.

ఇంకోటి ఉందన్నాను కదా, అదేమిటంటే నాచు లాంటిది. మనవాళ్లు నాచు అంటారు గానీ అది నాచు కాదు, బాక్టీరియా, బూజు జాతి. అవి నీళ్లలో బతుకుతూ డీజిల్ తింటాయి, రెండూ కలిసే గీత దగ్గర పెరుగుతాయి. టాంకులో నీళ్లు నిలవున్న బండికే వస్తాయి. అది తెగి తెగి వచ్చి ఫిల్టర్ కాగితం మీద పట్టేస్తుంది. కొత్త ఫిల్టర్ వెయ్యగానే రెండ్రోజులు బాగుండి మళ్ళీ మూసుకుపోవడం దాని గుర్తు. అందుకే పాత ఫిల్టర్ పారెయ్యొద్దు, దాన్ని ఎలా చూడాలో కింద చెప్తాను.

ఫిల్టర్ మీద చెయ్యి వేసే ముందు ఇది డీజిల్ రోగమేనా అని ఒక మాట. మనకి కొండల్లేవు, బండి బలం తెలిసేది వారధుల మీదే. లోడుతో ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కుతూ గుంజకపోతే డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదు, ఎయిర్ ఫిల్టర్, టర్బో హోస్ పైపు చూడు. పొగ లేకుండా చచ్చుబడిపోతే, యాక్సిలరేటర్ నేలకి తొక్కినా ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉంటే, అది డీజిల్ అందకపోవడం. బండి కంప్యూటర్‌లో తప్పులు చదివే స్కానర్ పెడితే పి0087 అని కోడ్ వస్తుంది, రైలులో ప్రెషర్ తక్కువ అని దాని అర్థం. ఆ కోడ్ చూసి వెంటనే పంపు పోయిందండి అనేవాడి దగ్గర్నుంచి బండి తీసుకుని వచ్చెయ్యి. ముందు ఫిల్టర్, తర్వాత టాంకు జల్లెడ, తర్వాత పైపులు, ఇవన్నీ అయ్యాక పంపు.

ఇక పని. రాత్రి బండి కదలకుండా చదునుగా పెట్టు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చెయ్యకముందు, ఫిల్టర్ కింద డ్రెయిన్ నట్టు దగ్గర ఒక తెల్ల సీసా పెట్టు. కూల్‌డ్రింకు సీసా కడిగి ఎండబెట్టింది చాలు. నట్టు రెండు చుట్లు వదులు చెయ్యి, కారకపోతే పైన ప్రైమర్ (డీజిల్ నింపడానికి చేత్తో కొట్టే చిన్న పంపు) రెండుసార్లు నొక్కు. సగం సీసా నిండేదాకా పట్టి, పది నిమిషాలు కదపకుండా బల్ల మీద పెట్టి చూడు. అడుగున నీళ్లు, పైన డీజిల్, మధ్యలో కత్తితో కోసినట్టు గీత కనపడుతుంది. ఆ గీత దగ్గర గోధుమరంగు మీగడ లాంటిది తేలుతుంటే నేను చెప్పిన బూజు అదే. నీళ్లు రుచి చూసేవాళ్లు కూడా ఉన్నారు ఉప్పు నీరా మంచినీరా అని, ఆ పని చెయ్యకు.

ఒక్కోసారి ఇక్కడితోనే లైటు ఆరిపోతుంది, కొత్తగా వేసిన ఫిల్టర్ అయితే మార్చక్కర్లేకుండా తోలుకోవచ్చు కూడా. నీ బండికి గుంజడం కూడా పోయింది కాబట్టి మార్చాల్సిందే.

ఏ కంపెనీది అన్నావు. బండి కంపెనీ స్పేరు వెయ్యి, లేదా ఇంజెక్టర్లు, పంపులు తయారుచేసే పెద్ద కంపెనీలది వెయ్యి, పార్ట్ నంబర్ సరిపోవాలి. డబ్బా, ముద్ర అచ్చం అలాగే ఉండే డూప్లికేట్లు దొరుకుతాయి, చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంటాయి, కోసి చూస్తే లోపల కాగితం మడతలు సగమే ఉంటాయి. నేను రెండూ కోసి షెడ్డు గోడకి వేలాడదీశాను, బేరం ఆడేవాళ్లకి అది చూపిస్తాను. డూప్లికేట్ త్వరగా జామవ్వదు సుమా, ఎందుకంటే అది ఏదీ ఆపదు, బండి హాయిగా గుంజుతుంది, ఆరు నెలలకి ఇంజెక్టర్లు పోతాయి. ఫిల్టరు బాగుందండి ఎప్పుడూ జామవ్వలేదు అంటే నాకు అదే అనుమానం.

విప్పే ముందు ఫిల్టర్, అది బిగించి ఉండే పై భాగం అంటే హెడ్డు, చుట్టుపక్కల అంతా బ్రష్‌తో దులిపి డీజిల్ గుడ్డతో తుడువు. ఈ పని ఎవరూ చెయ్యరు, అసలు ముఖ్యమైన పని ఇదే, మన లంక రోడ్ల ఇసుక అంతా అక్కడే పేరుకుని ఉంటుంది, విప్పగానే శుభ్రమైన వైపుకి రాలుతుంది. దారం ఊడే బనియన్ గుడ్డ వాడకు. బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యి. పక్కన బీడీ కాల్చేవాణ్ని దూరంగా పంపు. కింద ట్రే పెట్టు, డీజిల్ బెల్టు మీద, రబ్బరు మౌంటింగుల మీద కారితే అవి ఉబ్బి పాడవుతాయి. పైపులు తీసేముందు ఫోన్‌తో ఫోటో తియ్యి, ఏది లోపలికి ఏది బయటికి అని హెడ్డు మీద బాణం గుర్తులు ఉంటాయి గానీ మట్టిలో కనపడవు.

నీటి సెన్సర్ కప్లర్, అంటే దాని వైరు ప్లగ్గు, మెల్లిగా నొక్కి తియ్యి. డ్రెయిన్ విప్పి ఉన్నదంతా దింపు. ఫిల్టర్‌ని బెల్టు పానాతో తిప్పు, స్క్రూడ్రైవర్ పొడిచి తిప్పే మొరటు పద్ధతి వద్దు. పాత ఓరింగ్ (రబ్బరు రింగు) హెడ్డుకే అంటుకుని ఉండిపోతుంది ఒక్కోసారి, చేత్తో తడిమి చూడు, దానిమీద కొత్తది వేస్తే రెండు ఓరింగులు అవుతాయి, ఎంత బిగించినా గాలి లాగుతుంది. కింద నీటి సెన్సర్ పాత ఫిల్టర్‌ది విప్పి కొత్తదానికి బిగించాలి, దాని ఓరింగ్ కూడా మార్చు, అది చేత్తో బిగిస్తే చాలు, ప్లాస్టిక్ మరలు. కొత్త రబ్బరుకి గ్రీజు వద్దు, శుభ్రమైన డీజిల్ వేలితో రాయి. రబ్బరు తగిలాక ఫిల్టర్ మీద రాసి ఉన్నంత, మామూలుగా ముప్పావు చుట్టు, చేత్తోనే బిగించు. బోల్టుతో బిగించే పైపు ఉంటే దాని రెండు పక్కలా రాగి వాషర్లు కొత్తవి వెయ్యి, పాతవి ఒకసారి నలిగాక మళ్ళీ పట్టవు.

కొత్త ఫిల్టర్‌లో డీజిల్ నింపి ఎక్కించాలా అని ప్రతివాడూ అడుగుతాడు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను పని నేర్చుకున్నది కామన్ రైల్ రాకముందు పాత డీఐ బళ్ల మీద. ఆ పంపులు మొరటువి, ఫిల్టర్‌లో క్యాను నుంచి డీజిల్ ఒంపి, నింపి, ఎక్కించి, సెల్ఫ్ కొడితే పలికేవి. కామన్ రైల్ బళ్లు వచ్చిన కొత్తలో ఒక ఐసు బండికి అదే పని చేశాను, గరాటు మూతి తుడిచాను కూడా, బాగానే తుడిచాననుకున్నాను. మర్నాడు ఆ బండి ఒక సిలిండర్ కొట్టుకుంటూ వచ్చింది. ఇంజెక్టర్ విప్పిస్తే నాజిల్ దగ్గర చిన్న నలుసు. ఆ ఇంజెక్టర్ డబ్బులు నేనే పెట్టుకున్నాను, ఆ నెల ఇంట్లో మాట పడ్డాను. ఎందుకలా అయిందంటే, ఫిల్టర్ పైన చుట్టూ ఉండే చిన్న చిల్లుల్లోంచి డీజిల్ లోపలికి పోయి, కాగితం దాటి, మధ్య చిల్లులోంచి ఇంజనుకి పోతుంది సాధారణంగా. మధ్య చిల్లులో పోశామంటే వడపోయని డీజిల్ నేరుగా ఇంజెక్టర్‌కి పోసినట్టే. అంచేత ప్రైమర్ ఉన్న బండికి ఖాళీ ఫిల్టరే ఎక్కించు, పంపు కొట్టి నింపు. గతిలేక పోయాల్సి వస్తే మధ్య చిల్లు మూసి చుట్టూ ఉన్నవాటిలోంచే పొయ్యి.

తర్వాత ఎయిర్ తియ్యాలి, అంటే పైపుల్లో చిక్కిన గాలి బయటికి పంపాలి. ప్రైమర్ కొన్ని బళ్లకి ఫిల్టర్ హెడ్డు మీద నొక్కుడు బటన్‌లా ఉంటుంది, కొన్నిటికి పైపు మధ్యలో రబ్బరు బుడ్డిలా ఉంటుంది, కొన్ని కొత్త బళ్లలో టాంకులోనే కరెంటు పంపు ఉంటుంది, తాళం ఆన్ చేసి కొన్ని సెకన్లు ఆగి ఆఫ్ చెయ్యడం నాలుగైదుసార్లు చేస్తే అదే నింపుకుంటుంది. నీ బండిలో ఏది ఉందో చూసుకో. చేత్తో కొట్టేదైతే ఎయిర్ స్క్రూ ఉంటే వదులు చేసి, నురుగు ఆగి చిక్కటి డీజిల్ వచ్చేదాకా కొట్టు, స్క్రూ బిగించు, మళ్ళీ చెయ్యి నొప్పెట్టేంత గట్టి పడేదాకా కొట్టు. మొదట్లో మెత్తగా పోతుంది, యాభై అరవై దెబ్బలు పడతాయి, విసుగొచ్చి సగంలో ఆపేసి సెల్ఫ్ కొట్టేవాళ్లే ఎక్కువ. ఆ విసుగు వల్లే పంపు డీజిల్ లేకుండా పొడిగా తిరిగి గీతలు పడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ మోటార్ కాలిపోతుంది. పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకు, నిమిషం ఆగు, మళ్ళీ కొట్టు. మూడుసార్లకి పలక్కపోతే మళ్ళీ ప్రైమర్ దగ్గరికే పో.

దీని గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. పాత అలవాటుతో ఎవరైనా ఇంజెక్టర్ నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టి ఎయిర్ తీద్దాం అంటే చెయ్యి పట్టుకుని ఆపు. పాత బళ్లకి అది సరైన పద్ధతే. కామన్ రైల్‌లో ప్రెషర్ 1600 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దాకా పోతుంది, నీ వెనక టైరులో గాలి 4 బార్ చుట్టుపక్కల, అంటే దానికి 400 రెట్లు. సెల్ఫ్ కొట్టినప్పుడే వందల బార్లు వస్తాయి. సూది మొన అంత సందులోంచి వచ్చే ఆ డీజిల్ చర్మాన్ని గుచ్చుకుని లోపలికి పోతుంది. పైకి దోమ కుట్టినంత చుక్క కనపడుతుంది, నొప్పి కూడా ముందు పెద్దగా ఉండదు, గంటల్లో చెయ్యి లోపల కుళ్లడం మొదలవుతుంది. అలా తగిలితే పసుపు రాసుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని నోరు విప్పి చెప్పాలి. లీకు వెతకడానికి చెయ్యి పెట్టకు, అట్ట ముక్క పెట్టు.

స్టార్ట్ అయ్యాక అయిదు నిమిషాలు ఐడిల్‌లోనే వదిలెయ్యి, రేజ్ చెయ్యకు. ఈలోపు చుట్టూ టార్చి వేసి చెమ్మ చూడు. రెండు నిమిషాలు ఆడి ఆగిపోతే, లేదా రాత్రి పెట్టిన బండి పొద్దున మొండికేస్తే, ఎక్కడో గాలి లాగుతోంది. ఇక్కడ ఒక తిరకాసు. టాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ని పీల్చే బళ్లలో జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ఎక్కడా తడి లేదండి, లీకు లేదండి అని రెండ్రోజులు వెతుకుతారు. ఫిల్టర్ నుంచి పంపుకి పోయే, ప్రెషర్ లేని చిన్న పైపు స్థానంలో కాసేపు తెల్లటి పారదర్శక పైపు వేసి చూడు, గాలి పోతుంటే బుడగలు వరసగా కనపడతాయి. ఆ బుడగలు టాంకు వైపు నుంచి వస్తున్నాయా ఫిల్టర్ దగ్గర పుడుతున్నాయా తేల్చడానికి, ఫిల్టర్‌కి వచ్చే పైపు తీసి శుభ్రమైన క్యానులో చిన్న గొట్టం ముంచి అక్కణ్నుంచి లాగించు. బుడగలు పోతే ఫిల్టర్ నిర్దోషి, ఛాసిస్ కింద పైపులు చూడు. రొయ్యల బళ్లకి ఇది ఎక్కువ. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదకి కారి ఇనప పైపుల్ని క్లిప్పుల దగ్గరే తినేస్తాయి, పైకి బాగానే ఉంటుంది, క్లిప్పు తీసి చూస్తే చేతిలోకి రాలుతుంది.

ఇక ఆ పాత ఫిల్టర్. హాక్సా బ్లేడుతో అంచు కోసి లోపలి కాగితం బయటికి తీసి, మడతలు విప్పి ఎండలో పరువు. ఎర్రగా ఇటుకపొడిలా ఉంటే టాంకు లోపల తుప్పు. బూడిదరంగులో నలిపితే గరగరలాడితే మట్టి, ఇసుక, క్యాన్ల పని. నల్లగా, జిగురుగా, వేళ్లకి కాటుకలా పట్టి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే బూజు. లోహపు మెరుపు కనపడితే మాత్రం నాకు ఫోటో పంపు, బండి తోలకు. నీది నల్ల జిగురే అవుతుందని అనుకుంటున్నాను.

అదే అయితే టాంకు దింపాల్సిందే, తప్పదు. కింద డ్రెయిన్ బోల్టు విప్పి పైపైన దింపితే జిగురు గోడలకి అలాగే ఉంటుంది. మొత్తం ఖాళీ చేసి, డీజిల్ మట్టం చూపించే ఫ్లోటు తీసి, గొట్టం చివర జల్లెడ కడిగి, టాంకు లోపల శుభ్రమైన డీజిల్‌తోనే రెండుసార్లు కడుగు, నీళ్లతో కాదు, సర్ఫ్‌తో అసలే కాదు. నెలకో సీసా మందు పోస్తే బూజు చచ్చిపోతుందని అమ్ముతారు, బూజు చంపే మందులు ఉన్నమాట నిజమే, కానీ చచ్చిన బూజు ఎక్కడికీ పోదు, ఫిల్టర్‌కే వస్తుంది. ముందు కడుగు, తర్వాత మందు సంగతి. కడిగాక వేసిన ఫిల్టర్ కూడా రెండు మూడు వారాలకి మార్చడానికి సిద్ధంగా ఉండు, పైపుల్లో మిగిలింది దానిలోకే వస్తుంది. కడిగిన డీజిల్‌ని కాలవలో పొయ్యొద్దు బాబూ, ఆ కాలవ నీళ్లే దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులకి ఎక్కుతాయి, నీ రొయ్యల చెరువుకీ ఎక్కుతాయి. పాత ఆయిలు కొనేవాళ్లు ఉంటారు, డబ్బాలో పట్టి ఇచ్చెయ్యి.

మాన్యువల్‌లో ఫిల్టర్ మార్చడానికి రాసిన కిలోమీటర్లు మంచి డీజిల్‌కి రాసినవి. మన దగ్గర నేను చెప్పేది, కిలోమీటర్లకి ముందే మార్చు, వానాకాలం పోయాక ఒకసారి ఎలాగూ మార్చు. నీళ్లు దింపడం వానల్లో పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి. అయిదు నిమిషాల పని, ప్లాంటు దగ్గర లైనులో అంతకంటే ఎక్కువసేపే నిలబడతావు. ఒక కొత్త ఫిల్టర్, ఓరింగులు, బెల్టు పానా సీటు కింద ఉంచుకో. రొయ్యలు ఐసులో పెట్టుకుని అర్ధరాత్రి వారధి మీద ఆగిపోతే ఏ షెడ్డువాడూ రాడు.

ఇంత చేశాక కూడా లైటు ఆరకపోతే సెన్సర్ మార్చేసే ముందు దాని కప్లర్ పీకి లోపల చూడు. ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, అది నీళ్లలాగే కరెంటు దాటిస్తుంది, లైటు వెలిగిస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో, కాంటాక్ట్ స్ప్రేతో తోము, ఆరనిచ్చి గుచ్చు. రేపు పొద్దున సీసా పట్టగానే గీత కనపడేలా ఫోటో తీసి పెట్టు, డ్రమ్ము అడుగు నుంచి తీసింది కూడా ఇంకో సీసాలో పక్కన పెట్టి తియ్యి.